యల్లమ్మ గాజులడిగిన సినిమావోళ్ళు

మా తొండూరు కృష్ణయ్య ఇప్పటికి పద్నాలుగు సినిమాల్లో సచ్చినాడు. ఎచ్చులకు చెప్పడంల్యా, కావాలంటే ఆయప్పనే అడగండి, యేళ్ళు మడిచి లెక్క చెప్తాడు. కొడవలికి తొమ్మిదిసార్లు, బాంబుకు నాలుగుసార్లు, జీపు కింద పడి ఒగసారి. మనిషి తాటిచెట్టంత ఉంటాడు. మీసం పొట్టేలు కొమ్ముల మాదిరి రెండు సుట్లు తిరిగింటాది. జమ్మలమడుగులో యా కంపెనీవోడు షూటింగు పెట్టినా ఆ మీసం కోసరమే కబురు పంపుతాడు.

నిజం చెప్తే ఆయప్ప గొర్లు కాసుకునే మనిషి. కొడవలి పట్టేది తుమ్మకొమ్మలు నరికేదానికే. కోడిని కొయ్యాలన్నా పక్కింటోళ్ళను పిలుస్తాడు. అట్లాంటోన్ని నిలబెట్టి కండ్లు పెద్దవి చెయ్యి, పండ్లు కొరుకు అంటారు ఈ నాకొడుకులు. కడప అంటే సాలు, మనమంతా తలగడ కింద బాంబు పెట్టుకొని పండుకుంటామని వాండ్ల లెక్క. నాకు ఒళ్ళు మండుతాది.

ఆయప్ప పెండ్లాం యల్లమ్మ. మొగుడు సినిమాలో సచ్చి ఇంటికొస్తే రెండు కడవల నీళ్ళు నెత్తిన పోసుకుంటేగానీ గడప దాటనియ్యదు. సావు సావే, ఉత్తదయితే ఏంది అంటాది. అట్ల పద్నాలుగుసార్లు నీళ్ళు పోసింది గానీ ఒగనాడన్నా పోవద్దని అనల్యా.

మొన్న ఎండాకాలంలో ఒగ కంపెనీ వచ్చింది. హాల్లో ఆడే సినిమా గాదంట, ఫోన్లో వచ్చేదంట. దాని డైరెక్టరు కృష్ణయ్యకు డైలాగు ఇచ్చినాడు. పద్నాలుగు సావుల్లో ‘అమ్మా’ అని అరిచేది తప్ప ఒగ మాట ఇచ్చినోడు లేడు ఆయప్పకు. ‘ఈ నేల నీళ్ళు తాగింది తక్కువ, నెత్తురు తాగింది ఎక్కువ.’ అదీ ఆ మాట. నీళ్ళు తక్కువనేది నిజమే, మా బోర్లను అడగండి. నెత్తురు ఎవుడు తాపినాడో ఆ డైరెక్టరుకే తెలియాల. అయినా కృష్ణయ్య ఇరవై దినాలు గొర్ల ముందర నిలబడి దాన్ని బట్టీ పట్టినాడు. ఆ గొర్లకు గుడక నోటికొచ్చేసింటాది.

డైలాగు ఇచ్చినందుకు డైరెక్టరు ఒగటి అడిగినాడు. పీనుగ పక్కన ఏడ్సేదానికి సొంత పెండ్లామే కావాల, అప్పుడే నాచురల్‌గా ఉంటాదని. కృష్ణయ్య సరే అనేసినాడు. ఏం చెయ్యాల్నో అడగల్యా, యల్లమ్మనూ అడగల్యా. షూటింగుకు ముందర దినం ఫోనొచ్చింది: అమ్మను రెండు చేతులకూ నిండుగా మట్టిగాజులు ఏసుకొని రమ్మనండి, పీనుగ పక్కన ఆడోళ్ళు వాటిని గోడకు కొట్టి పగలగొడతారు.

ఈడ ఒగ సంగతి చెప్పాల. వాళ్ళ కూతురు శ్వేత మొగుడు రెండేండ్ల కింద లారీ తగిలి పోయినాడు. పదకొండో దినం వాళ్ళ కులపోళ్ళ ఆడోళ్ళు గాజులు తీసేదానికి వచ్చినారు. యల్లమ్మ కూతురి చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకొని, మీద తాను వంగి కూర్చున్యాది. తాకినోళ్ళ చెయ్యి ఇరుస్తానన్న్యాది. పొద్దున కూర్చున్యాది మద్యాన్నం దాకా లెయ్యల్యా. వచ్చినోళ్ళు తిట్టి తిట్టి పోయినారు. నెల తిరక్కముందే నన్ను పిలిపించింది. నేను గాజులమ్మే జానీబీని, శ్వేత చేతులకు డజను ఆకుపచ్చ గాజులు తొడిగింది నేనే. దానికి వాళ్ళ వీధిలో ఆర్నెల్లు నా దగ్గర ఒగ్గాజు కొన్న ఆడది లేదు. శ్వేత ఇప్పుడు ప్రొద్దుటూరులో గుడ్డలంగడిలో పని చేస్తాది, గాజుల చేతుల్తోనే చీరలు పరిచి చూపిస్తాది.

మా కాలంలో సినిమాలో హీరోయిను గాజులు పగిలితే హాలంతా ఏడ్సేది. నేనూ ముక్కు సీదుకుంటా ఏడ్సినాను. ఇండ్లల్లోనూ అట్లనే పగలగొట్టేటోళ్ళు, ఎవురిని చూసి ఎవురు నేర్చుకున్యారో గానీ. ఇప్పుడు ఇండ్లల్లో మెల్లగా మానుకుంటాండారు. ఈ సినిమావోళ్ళే మానుకోకుండా ఉండారు!

ఉత్తుత్తిదే కదమ్మే, నేను మాటిచ్చినా, జల్మలో ఒగ్గ డైలాగు అని బతిమాలినాడు కృష్ణయ్య. యల్లమ్మ తెల్లారి శ్వేతను రమ్మన్న్యాది, నన్నూ తోడు రమ్మన్న్యాది, జమ్మలమడుగుకు పోయినాం.

ఆడ ఒగ పాతమిద్దె ముందర కృష్ణయ్య నెత్తి నుంచి కాళ్ళ దాకా ఎర్రరంగు పూసుకొని సాప మీద పండుకోనుండాడు. ముందు పీనుగను తీస్తారంట, బతికుండేది తర్వాతంట. డైరెక్టరు పిల్లోడు టోపీ పెట్టుకొని వచ్చి, “భయపడకమ్మా, ఇది మీ సంస్కృతే. మేం ఆరు నెలలు రీసెర్చ్ చేశాం” అన్న్యాడు.

యల్లమ్మ కూతుర్ని ముందరికి లాగి, చెయ్యెత్తి పట్టుకున్యాది.

“ఈ గాజులు సూడు. దీని మొగుడు పొయ్యి రెండేండ్లయింది. వీటికోసం మావోళ్ళందరితో తగులాడినా. ఇప్పుడు నేను పొయ్యి నీ గోడకు కొట్టుకుంటే దీని మొగం యాడ పెట్టుకుంటాది? ఆర్నెల్లు తిరిగినావంటివే, మా ఇంటికి రాకపోతివే?”

ఆ డైరెక్టరు ఏం చేసినాడో తెల్సా? వెనక్కి తిరిగి కెమెరావోనికి యేలు ఊపినాడు. తీయమని. ఆ కోపమే కావాలంట, శానా బాగుందంట, అదే మాట ఇంకోసారి పీనుగ తట్టు చూసి చెప్పమంట. ఆయమ్మ కడుపుమంట గుడక వానికి సీనే.

అప్పుడు లేసినాడు కృష్ణయ్య. భుజం మీద టవలు తీసి కెమెరా మీద కప్పినాడు.

“నేను సావను పో,” అన్న్యాడు.

“డైలాగు పోతుంది మరి,” అన్న్యాడు డైరెక్టరు.

“నువ్వే చెప్పుకో.”

ఆ సీను ఇంగెవురో ఆడమనిషిని తెచ్చి తీసినారంట. ఫోన్లో వచ్చింది. మూడు నిమిషాలు నిదానంగా పగులుతాయంట గాజులు. చూసినోళ్ళు శానా నాచురల్‌గా ఉందన్న్యారు. థూ.

ఆ దినం రంగు గుడక కడుక్కోకుండా బస్సెక్కినాడు కృష్ణయ్య. బస్సు బస్సంతా లేసి నిలబడింది. కండక్టరు నేరుగా ఆస్పత్రికి తిప్పిస్తానన్న్యాడు. ఏం కాలేదప్పా, టికెట్టు కొట్టు అన్న్యాది యల్లమ్మ. కొంచెం దూరం పోయినాక కృష్ణయ్య మెల్లగా కదిలించినాడు.

“యమ్మే, లేసొచ్చినా కదా. ఇంకా కోపమేనా?”

“నన్నడక్కుండా నా చేతులు ఇస్తానని మాటిచ్చినావు. అది నీ మొగానికున్న రంగు గాదు, నీళ్ళు పోస్తే పోయేదానికి.”

ఆ మాటకు తాటిచెట్టంత మనిషి వంగిపోయినాడు. మాలో శ్వేతకే సీటు దొరికింది, కిటికీ తట్టు తిరిగి కూర్చున్యాది. ముద్దనూరులో ఎక్కి సీటు పట్టిన ఒగ ముసలాయన కృష్ణయ్యను చూసి, అయ్యో నాయనా అని లేసి సీటిచ్చినాడు. యల్లమ్మ పొయ్యి ఆ సీట్లో తాను కూర్చున్యాది.