కిటికీ ఉన్న గది

విశాఖ నుంచి చెన్నై వెళ్లే పెద్ద ఓడ ఎక్కిస్తానని మా ఆయన ఎప్పటి నుంచో అంటున్నారు. నిన్న ఫోన్లో తనే టికెట్లు తీయబోయి, ధర తక్కువని కిటికీ లేని గది ఎంచుకున్నారు. నేను నోరు విప్పలేకపోయాను. చివర్లో ఫోన్ మొరాయించడంతో, ఈ రోజు శ్రీకాకుళంలో టికెట్లు తీసిపెట్టే ఏజెంటు దగ్గరికి వెళ్లాం.

ఆ పెద్దాయన అంతా విని నా వైపు తిరిగారు.

“నీకేటి కావాలమ్మా? సిగ్గుపడకు, సెప్పు.”

“కిటికీ,” అన్నాను తల దించుకునే.

చిన్నప్పుడు కళింగపట్నంలో నాన్న నన్ను పడవ ఎక్కించుకునేవాడు. తిరిగి వస్తుంటే ముందు లైట్‌హౌస్, తర్వాత సరుగుడు తోట, ఆ తర్వాత గంప పట్టుకుని నిలబడ్డ అమ్మ కనిపించేది. ఒడ్డే మాకు ఎదురొస్తున్నట్టుండేది. నాన్న పోయాక మళ్లీ సముద్రం మీద నుంచి ఒడ్డు చూడలేదు.

“ఒసే, ఇంటికాడే సెప్పొచ్చు కదే!” అన్నారు మా ఆయన.

“నువ్వు అడిగితే కదా బావా!”

పెద్దాయన పకపకా నవ్వి, కిటికీ గదే ఖాయం చేశారు.

ఫోన్ నా పేరు, వయసు అన్నీ అడిగింది గానీ నాకేం కావాలో మాత్రం అడగలేదు. మీరైతే టికెట్లు సొంతంగా తీసుకుంటారా, ఇలా అడిగేవాళ్ల దగ్గరికి వెళ్తారా?

చెన్నై ఒడ్డున గంపతో ఎవరూ ఉండరని తెలుసు. అయినా ఆ కిటికీ వదలను.