రిజిస్టర్లో అలక

పెద్ద సిస్టర్ ముప్పై ఒక్కేళ్లుగా వార్డు రిజిస్టరు ఒకేలా రాస్తోంది. డ్యూటీ దిగే ముందు ఒక్కో మంచానికి ఒక్కో వరుస: జ్వరం ఎంత, ఏం తిన్నారు, ఎంత మిగిల్చారు. రేపోమాపో రిటైరయ్యే మనిషి, ఏనాడూ ఒక్క మాట ఎక్కువ రాసి ఎరగదు. అలాంటిది ఆ గురువారం మధ్యాహ్నం తొమ్మిదో మంచానికి ఎదురుగా ‘అలిగాడు’ అని రాసేసరికి డాక్టరు ఎర్ర సిరాతో కొట్టేశాడు.

ఆ మంచం మీదున్నది గడియారాలు బాగుచేసి బతికిన ముసలాయన. తుంటి విరిగి నెలన్నరగా అక్కడే ఉన్నాడు. చూడటానికి వచ్చే నాథుడు లేడు. మూడు రోజులుగా చెంచాని నోటి దాకా రానివ్వటం లేదు. పరీక్షలు చేస్తే అన్నీ బాగానే ఉన్నాయి. మర్నాడు పదింటికల్లా తినకపోతే ముక్కులోంచి గొట్టం వేస్తామన్నాడు డాక్టరు. కిందటిసారి గొట్టం వేస్తే ఆయన పీకేసుకోబోయాడు, చేతులు మంచానికి కట్టాల్సి వచ్చింది. కట్టింది పెద్ద సిస్టరే. మళ్లీ ఆ పని తన వల్ల కాదని ఆమెకి తెలుసు.

డాక్టరు చెడ్డవాడేం కాదు, కాకపోతే మాటల దగ్గర ఉడుం పట్టు. ‘ఆకలి లేదు’ అని రాయండి, ‘తిండి మానేశాడు’ అని రాయండి, అలక అనేది ఇంట్లో మాట, ఇక్కడ చెల్లదన్నాడు. రేపు ఏ జబ్బో బయటపడితే, అలక అనుకుని ఊరుకున్నారని అందరూ మన మొహాన ఉమ్మేస్తారన్నాడు. అదీ నిజమే, ఆమె కాదనలేదు. ఆకలి లేనివాడు గిన్నె వంకే చూడడనీ, ఈయన మాత్రం గిన్నె తీసుకెళ్లేదాకా ఓరకంట చూస్తూనే ఉన్నాడనీ చెప్పింది.

“అలగాలంటే ఎదురుగా ఒక మనిషుండాలి కదా సిస్టర్. తనవాళ్ల మీద అలుగుతారు గానీ గోడ మీద అలుగుతారా? ఆయనకెవరున్నారు?”

ఆమె రిజిస్టరు వెనక్కి తిప్పింది. ఆయన చివరిసారి తిన్నది సోమవారం సాయంత్రం. మంగళ, బుధవారాలు ఆమె సెలవు. పన్ను పీకించుకోవటానికి పోతూ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అలవాటు కొద్దీ అందరితో అన్నట్టే ఆయనతోనూ “రేపొస్తా బాబాయ్” అనేసి వెళ్లిపోయింది.

భర్త పోయి ఇరవై ఏళ్లయింది. ఈ ఇరవై ఏళ్లలో ఆమె మీద మండిపడ్డవాళ్లు బోలెడుమంది. అలిగినవాళ్లు ఒక్కరూ లేరు. సిగ్గుపడాల్సిన చోట ఆమెకి సంతోషం వేసింది, అది చూసుకుని అప్పుడు సిగ్గేసింది.

డ్యూటీ అయ్యాక పాలల్లో నానబెట్టిన బ్రెడ్డు గిన్నె తెచ్చుకుని ఆయన పక్కన కూర్చుంది. ఆయన మూతి ముడుచుకుని గోడవైపు తిరిగాడు.

“చెప్పకుండా పోయాను బాబాయ్. తప్పు నాదే.”

ఆమె బతిమాలలేదు, గిన్నె ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుంది. పావుగంటకి ఆయన మెడ కొంచెం ఇటు తిరిగింది.

“ఆ బుగ్గేంటి, అంత వాచింది?”

“పన్ను పీకించుకున్నాను.”

“ఆ ముక్క సోమవారమే చెబితే నీ సొమ్మేం పోయింది? నువ్వు తిన్నావా అమ్మాయీ?”

యాభై ఏడేళ్ల ఆమెని అమ్మాయీ అనేది ఆయనొక్కడే. నమల్లేకపోతున్నానంది.

“అయితే ఇంకో గిన్నె, ఇంకో చెంచా తెచ్చుకో. ఇది నమలక్కర్లేదు.”

ఇంటికెళ్లే ముందు ఎర్ర గీత కింద ఆమె మళ్లీ రాసింది: ‘అలిగాడు. నా మీద. తీరింది. సగం ఆయన తిన్నాడు, సగం నేను.’

మర్నాడు పదింటికి గొట్టం ట్రేతో వచ్చిన డాక్టరు ఆ వరుస రెండుసార్లు చదివాడు. పొద్దుటి గిన్నె ఖాళీగా ఉండటం చూశాడు. ట్రే వెనక్కి పంపించి, నీలం పెన్నుతో సంతకం పెట్టాడు.

“ఈ ‘నా మీద’ అనేది మొదటే రాసుంటే కొట్టేసేవాణ్ణి కాదు సిస్టర్.”

“అప్పటికి నాకూ తెలీదు సార్” అంది పెద్ద సిస్టర్.