ఊదా పొర మీద తోక చుక్కలు

పరకాల నుంచి రోజూ బస్సులో సుబేదారికి వచ్చే బక్కమ్మ, అక్కడి చిన్న కోళ్ల జబ్బుల ల్యాబ్‌లో సామాన్లు కడుగుతుంది. యాభై దాటిన మనిషి. చదువు ఏడో తరగతితో ఆగింది గాని, అడగడం ఆగలేదు.

ఒకరోజు పారేయమని ఇచ్చిన, కణాలు పెంచే ప్లేట్లలో ఊదారంగు పొర మీద తెల్లటి చుక్కలు కనిపించాయి. వైరస్ పరీక్షలు చేసే రమ్య దగ్గరికి తీసుకెళ్లింది.

"ఇవేంది మేడం? రంగు అంటలేదా?"

"చావకుండ మిగిలిన కణాలకే రంగు అంటుతదక్కా. చుక్క ఉన్న కాడ ఒక్క వైరస్ దిగి, చుట్టూ ఉన్నయన్నీ చంపింది."

"అంటే ఎన్ని చుక్కలుంటే అన్ని వైరస్‌లు?"

"గంతే."

కంటికి ఆనని దాన్ని ఇలా లెక్కపెట్టవచ్చా! అప్పటినుంచి ప్రతి ప్లేటునూ వెలుతురుకు పెట్టి లెక్కపెట్టాకే పారేసేది. వైరస్ ఉన్న ద్రవాన్ని పదింతలు పలచన చేస్తే చుక్కలూ పదో వంతే కావాలని తెలుసుకుంది.

జులైలో ఆ లెక్క తప్పింది. రమ్య పరీక్షను రెండుసార్లు మళ్లీ చేసినా కుదరలేదు. బక్కమ్మ ప్లేట్లను తిప్పి తిప్పి చూసింది.

"జర ఇటు చూడుండ్రి మేడం. చుక్కలకు తోకలున్నయ్. అన్నీ ఒక్క దిక్కుకే."

తనే వెళ్లి, కణాలను వెచ్చగా పెంచే పెట్టెలో, ప్లేట్లు ఉంచే అర మీద గిన్నెడు నీళ్లు పెట్టింది. నీళ్లు ఒక అంచుకు ఎక్కువగా చేరాయి. అర ఒరిగి ఉంది! వైరస్ పక్కలకు పారకుండా కణాల మీద పోసే జెల్లీని రమ్య వేలితో తాకింది. కొత్త ప్యాకెట్‌ది, సరిగా గట్టిపడలేదు. వైరస్ వాలుకు జారి కొత్త చుక్కలు పెట్టింది.

అరను సరిచేసి, జెల్లీ మార్చారు. నాలుగో రోజున గుండ్రటి చుక్కలు వచ్చాయి. ఒకదాంట్లో ఎనభై ఒకటి, పలచనదాంట్లో ఎనిమిది. రమ్య సంతోషం పట్టలేక బక్కమ్మ చేయి పట్టుకుంది.

బక్కమ్మ మాత్రం ఇంకేదో ఆలోచిస్తోంది.

"మేడం, చంపకుండ కణంల ఊకె కూసునే వైరస్ ఉంటే? చుక్క పడది గద."

రమ్య నవ్వి, మరునాడు ఆమెను చీకటి గదిలోని మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది. వైరస్‌నే వెతికి పట్టుకునే మెరుపు మందు వేసిన కణాలవి. మామూలు వెలుగులో నిక్షేపంగా కనిపించినవి, నీలి వెలుగు పడగానే పచ్చగా మెరిశాయి.

"అబ్బ! ఇన్నిట్ల ఉన్నదా?" అంది బక్కమ్మ, కన్ను తీయకుండానే.