పియానోకు పూజ చేసిన దసరా

మొన్న రాజేశం చిన్నాయన ఇంట్లో బీరువా తెరిచేసరికి నాఫ్తలీన్ ఉండల వాసన గుప్పుమంది. బీరువా నిండా శాలువాలే. ఏ గుడి కమిటీ పిలిచినా, ఏ కాలనీ వాళ్ళు గణపతి మండపంలో పాడించుకున్నా, భుజాన ఒకటి కప్పి పంపిస్తారు. అన్నీ కలిపి కుడితే ఖిలా వరంగల్ తోరణాలన్నింటికీ పందిరి వేయొచ్చు. వాటికి పురుగు పట్టకుండా చిన్నమ్మ ఆ ఉండలు పెడుతుంది. ఆ వాసనకు ఎవరికైనా పట్టుచీరలు గుర్తొస్తాయి. నాకు మాత్రం పియానో గుర్తొస్తుంది, దాని వెంటే కోపం వస్తుంది.

చిన్నాయన మా నాన్నకు తమ్ముడు. పసితనంలో అమ్మవారు పోసి రెండు కళ్ళూ పోయాయి. వరంగల్ చౌరస్తా దగ్గర మాకు కిరాణా దుకాణం ఉండేది. కాజీపేట రైల్వే క్వార్టర్లలోని ఆంగ్లో ఇండియన్ కుటుంబాలకు మా తాత సామాన్లు పంపేవాడు. రిక్షాలో బియ్యం బస్తాల మీద చిన్నాయననూ కూర్చోబెట్టి తీసుకుపోతే, ఒకనాడు అక్కడి రైల్వే క్లబ్బులో ఎవరో పియానో వాయిస్తుంటే విని, ఇంటికి రానని గుమ్మం పట్టుకుని కూర్చున్నాడట. వాయిస్తున్నది డైసీ అనే టీచరమ్మ. మేమంతా డైసమ్మ అనేవాళ్ళం. ఆ పొద్దు నుంచి ఆమె తన వేళ్ళ మీద ఈయన వేళ్ళు పెట్టించుకుని నేర్పింది. రికార్డులు వినిపించి జాజ్ పాటలు పాడించింది. నాకు ఊహ తెలిసేనాటికి క్లబ్బులో క్రిస్మస్ డాన్సులకు వాయించేది చిన్నాయనే. ఆయన ఇంటికొచ్చేసరికి జేబులో మా కోసం దాచిన ప్లమ్ కేకు ముక్కలు నలిగిపోయి ఉండేవి.

ఆ కుటుంబాలు ఒక్కొక్కటే దేశం విడిచిపోయాక క్లబ్బు మూతపడింది. డైసమ్మ కూడా కూతురి దగ్గరికి వెళ్ళిపోతూ తన సొంత పియానోను చిన్నాయనకు ఇచ్చేసింది. అది మా ఇంటికి ఎడ్లబండి మీద వచ్చింది. లోపలి ఉన్నిగుడ్డకు పురుగు పట్టకుండా ఆమె వేసిన నాఫ్తలీన్ ఉండలు ఇంకా అందులోనే ఉన్నాయి. వసారాలో మిరపకాయ బస్తాల పక్కన దాన్ని నిలబెట్టారు. వానాకాలం పొద్దుల్లో పెంకుల మీంచి నీళ్ళు కారుతుంటే, మేము పిల్లలం సత్తుపిండి ముద్దలు చేతుల్లో పట్టుకుని ఆ పియానో కిందే ఇల్లిల్లు ఆట ఆడుకునేవాళ్ళం. పైన చిన్నాయన ఎడమచేయి గూడ్సు బండిలా నింపాదిగా నడుస్తుంటే కుడిచేయి దానితో సరసమాడుతూ, తాళం తప్పిందనుకునేలోపే వచ్చి సరిగ్గా కలిసేది. ఇంగ్లీషు పాటలతో ఆగలేదు ఆయన. బతుకమ్మ పాటల వరుసలు, మార్కెట్లో మిర్చి వేలం కేకలు, అన్నీ ఆ తాళంలోకి వంచి, మా ఇంట్లో మాట్లాడుకునే మాటలతోనే పాటలు కట్టాడు. వింటే నవ్వొచ్చేది, ఆ వెంటనే దిగులూ వేసేది. ఆ సంగీతం వరంగల్లో ఇంకెవరి దగ్గరా లేదు. అది నలుగురి ముందు వాయించాలని, ఒక్కసారి విన్నవాళ్ళు మళ్ళీ అడగాలని ఆయన ఆశ. అంతకుమించి ఆయన ఏదీ కోరగా నేను వినలేదు.

డైసమ్మ వెళ్ళేముందు సికింద్రాబాదులో ఒక పెద్ద హోటల్లో బ్యాండు నడిపే ఆయనకు చిన్నాయన గురించి చెప్పింది. దసరా మర్నాడు వచ్చి వింటానని, నచ్చితే తీసుకుపోతానని ఆయన కబురు చేశాడు. ఇంటిల్లిపాదికీ పండగ రెట్టింపైంది. చిన్నాయన చేతులు మాత్రం అన్నం తింటున్నా పళ్ళెం అంచు మీద వాయిస్తూనే ఉండేవి.

దసరానాడు వ్యాపారస్తుల ఇళ్ళలో బతుకుతెరువుకు పూజ చేస్తారు. మా దుకాణంలో తరాజుకూ తూకపు రాళ్ళకూ బస్తాలు కుట్టే సూదికీ బొట్లు పెట్టడం నాయనమ్మ పని. పొద్దున్నే మడి కట్టుకుని, అన్నీ అయ్యాక, చిన్నాయన ఇంకా స్నానాల గదిలో ఉండగానే, పియానో దగ్గరికి వచ్చింది. మూత తీసి తడిగుడ్డతో తుడిచింది. తెల్లమెట్టుకూ నల్లమెట్టుకూ పసుపు కుంకుమ పెట్టింది. కొబ్బరికాయ కొట్టి, రేపటి పని దీనితోనే గనుక అన్నిటికన్నా దీనికే ఎక్కువ దక్కాలని, ఆ నీళ్ళు ఈ చివర నుంచి ఆ చివర దాకా తీర్థంలా పోసింది. మేము పక్కనే చేతులు జోడించి నిలబడ్డాం. మాకూ అది పద్ధతిగానే తోచింది.

చిన్నాయన తల తుడుచుకుంటూ వచ్చి మెట్ల మీద చేయి వేశాడు. వేళ్ళు జిగటగా అంటుకున్నాయి. ఒక వేలు నాలుక మీద పెట్టుకుని చూశాడు.

"అమ్మా, దీంట్ల కొబ్బరినీళ్ళు వోసినవా?"

"ఒట్టిగ ఎట్లుంచుత బిడ్డా? రేపు నీ బతుకు దాంతోటే గద."

ఆయన తల తుడుచుకుంటున్న తువ్వాలుతోనే మెట్లు ఒక్కొక్కటే తుడవడం మొదలుపెట్టాడు. కేకలు వేసినా బాగుండేది. నాన్న హడావిడిగా నిప్పుల కుంపటి తెచ్చి ఆరబెడదామని పియానో కింద పెట్టాడు. ఆ సెగకు అతుకులు ఊడి పరిస్థితి ఇంకా అధ్వాన్నమైంది. నొక్కిన మెట్టు నొక్కినట్టే ఉండిపోయేది. దాన్ని బాగుచేసేవాడు ఊళ్ళో లేడు. నాయనమ్మ మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. కానీ మూలన కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్న మనిషిని ఏమనగలం? ఎవర్నీ అనలేని కోపం కన్నా పాడుది ఇంకోటి లేదు.

మర్నాడు సికింద్రాబాదు బ్యాండు ఆయన రానే వచ్చాడు. అమ్మకు మాట రాకూడదని, జరిగింది ఆయనకు చెప్పనివ్వకుండానే చిన్నాయన కూర్చుని మొదలుపెట్టాడు. పాట మధ్యలో స్వరాలు పలకని చోటల్లా గొంతుతో పూడుస్తూ, లేవని మెట్లను గోటితో లేపుకుంటూ, చెమటలు కక్కుతూ చివరి దాకా పాడాడు. వచ్చినాయన మర్యాదగా విన్నాడు, చాయ్ తాగాడు, మలీద ముద్ద బాగుందన్నాడు. వెళుతూ వాకిట్లో నాన్నతో, గొంతు మంచిది, వాద్యం ఈయనకు లొంగినట్టు లేదు, భజనలు నేర్పించండి, జనం ఆదరిస్తారని చెప్పి రిక్షా ఎక్కాడు.

నాన్న దాన్ని వేదవాక్కులా పట్టుకున్నాడు. వారం తిరక్కుండా హార్మోనియం వచ్చింది. తరువాత కథ వరంగల్ అంతటికీ తెలుసు. గుళ్ళలో, మండపాల్లో, నర్సంపేట పెళ్ళిళ్ళలో, మేడారం జాతర దారిలో వేసిన పందిళ్ళలో ఆయన భజనలు పాడని చోటు లేదు. ఏ కరపత్రంలో చూసినా పేరుకు ముందు 'అంధ గాయకుడు' అని ఉంటుంది. మిగతా గాయకులకు పేరుకు ముందు వాళ్ళ కళ్ళ సంగతి ఎవరైనా రాస్తారా? కమిటీ వాళ్ళను అడిగితే, అట్లా వేస్తేనే జనం వస్తారమ్మా అంటారు. ఒళ్ళు మండుతుంది.

ఇప్పుడు ఆ క్లబ్బు లేదు, డైసమ్మ వాళ్ళ మాటతీరు కాజీపేట వీధుల్లో లేదు, మా దుకాణం ఉన్న చోట సెల్‌ఫోన్ల షాపు ఉంది. పియానోను వడ్రంగం చేసే ఒక వడ్లాయన విప్పి ఎవరికో తలుపులు చేశాడు. చిన్నాయన కట్టిన పాటలు మాత్రం ఆయన దగ్గరే ఉన్నాయి. కనీసం ఒక్కసారైనా బయటికి రావాలని, పోయిన నెల హనుమకొండలో సన్మానమని పిలిచినవాళ్ళతో నేను గట్టిగా మాట్లాడాను. ముందు తన సొంత పాట వాయిస్తారు, కీబోర్డు పెట్టండి అన్నాను. సరేనన్నారు, పెట్టారు కూడా. చిన్నాయన పొద్దుటి నుంచి వేళ్ళు విరుచుకుంటూనే ఉన్నాడు.

వేదిక మీద ఆయన ఎడమచేయి నడక మొదలైంది. కుడిచేయి వచ్చి కలవబోతుండగా వ్యాఖ్యాత మైకు అందుకుని, సార్ కీబోర్డు చెక్ చేసుకుంటున్నారు, ఇప్పుడు మనందరి కోసం ఒక భక్తిగీతం అని ప్రకటించాడు. నేను లేచి చేతులు ఊపుతూనే ఉన్నాను. చిన్నాయన వేళ్ళు ఒక్క క్షణం మెట్ల మీద అలాగే ఆగాయి. తరువాత భజన ఎత్తుకున్నాడు. హాలు హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

ఆటోలో వస్తూ ఆయన్ను అడ్డంగా తిట్టాను. ఎందుకు ఊరుకున్నావు, అది నా పాట అని ఒక్క మాట చెబితే ఏం పోయేదని. చిన్నాయన నెమ్మదిగా అన్నాడు.

"వాళ్ళు చప్పట్లు నా కండ్లకు కొట్టిండ్లు బిడ్డా. నా పాటకు కొడితె ఆ చప్పుడు ఎట్లుంటదో నాకు ఇప్పటిదాంక ఎర్కలేదు."

ఆటో నడిపే అబ్బాయి అద్దంలోంచి ఆయన్ను పోల్చుకుని, గుళ్ళల్ల పాడే తాత మీరే గదా, జర దేవుని పాట ఒకటి పాడరాదుండ్రి అని బతిమాలాడు. చిన్నాయన గొంతు సవరించుకున్నాడు.