సారు బూట్లు

మనవడి బడి బూట్లకు పాలిష్ రాస్తుంటే, ఆ వాసనకు సలేశ్వరం తొవ్వ యాదికొచ్చింది. చైత్ర పున్నమికి మా తెలకపల్లి వాళ్లం నల్లమల లోయలోని ఆ లింగమయ్య దగ్గరికి నడిచి పోయేటోళ్లం. ఒక ఏడు మా బడిలో ఇంగ్లీషు చెప్పే విదేశీ సారు కూడా బయలుదేరిండు. లోయ అంచున ఆయన జారితే భుజాన వేసుకొని దింపింది నేనేనని ఇన్నేండ్లు ఊరంత చెప్పుకున్న. పదేండ్ల పోరడు అంత మనిషిని ఎట్ల మోసిండని ఎవ్వరూ అడగలే.

అసలు జరిగింది వేరు. మెరిసే ఆ తోలు బూట్లు ఒక్కసారి తొడుక్కోవాలని నా ఆశ. అందరూ గుడి దగ్గరనే చెప్పులు విడుస్తరు. నేను మాత్రం అడవి మొదట్లోనే, "సార్, మొదటిసారి వచ్చినోళ్లు ఇక్కడి నుంచే ఉత్తకాళ్లతో నడవాలె" అన్న. అంత తెల్లటి కాళ్లను ఎండ ఏం చెయ్యదనే అనుకున్న. సారు వెంటనే విప్పి నా చేతికిచ్చిండు. నేను వెనుకబడి, వాటిని తొడుక్కొని టకటక నడిచిన.

పగటాల, ఎండ నడినెత్తికొచ్చినంక, ముందు నడుస్తున్న మా అవ్వ పిలిస్తే, బూట్లు విప్పి చేతబట్టుకొని ఉరికిన. సారు అరికాళ్ల నిండ బొబ్బలు. అవ్వ నా చెవి మెలిపెట్టింది.

"ఓరి దొంగ సచ్చినోడా! సారుకు ఏం చెప్పినవ్‌రా?"

"తిట్టకు అవ్వా," అన్నడు సారు, వచ్చీరాని తెలుగులో. "నా బూట్లు మోస్తుండు. మంచి పిల్లగాడు."

అవ్వ చెవి వదిలింది. నిజం చెప్తే ఆ మంచి పేరు పోతదని నేను నోరు మూసుకున్న. లోయలో మిగిలిన రాళ్ల మీద కూడా ఆయన నన్ను నమ్మి ఉత్తకాళ్లతోనే దిగిండు.