ఆ రచయిత్రి వాళ్లమ్మ

వాషింగ్టన్ నుంచి న్యూయార్క్ వెళ్లే రైల్లో మా అమ్మాయి ఓ నవలలో మునిగిపోయింది. మొజాంబిక్ రచయిత్రి పోర్చుగీసులో రాసిందట, ఇది ఇంగ్లీషు అనువాదం. నేనూ తెలుగులో నవలలు రాశాను. ఒక్కటీ అది తెరిచి చూడలేదు. తెరిచినా ఏం లాభం, తెలుగు చదవడం రాదు.

ఉన్నట్టుండి అది అట్ట వెనక ఫొటో చూసి, ఎదురు సీటు వైపు చూసింది.

“అమ్మా, ఈ బుక్ రాసింది ఈవిడే!”

ఆవిడ నవ్వి సంతకం పెట్టింది. నాకు కడుపు మండింది. ఊరుకోలేక నా నవలల సంగతీ, వాటిని మా అమ్మాయి చదవలేని సంగతీ చెప్పేశాను.

“మా అమ్మకీ పోర్చుగీసు రాదు,” అందావిడ ఇంగ్లీషులో. “రోజూ వంటింట్లో కూర్చోబెట్టి, ఇవాళేం రాశావో చెప్పమనేది. మా భాషలో చెప్పేదాన్ని. ‘ఆ పిల్లని అప్పుడే చంపకు’ అని తగువు పెట్టుకునేది. చాలాసార్లు తనే గెలిచేది.”

ఆవిడ ఫిలడెల్ఫియాలో దిగిపోయింది. కాసేపటికి అమ్మాయి పుస్తకం చూస్తూ కిసుక్కున నవ్వింది.

“ఏముందే అందులో? నాకూ చెప్పు.”

“లేటర్ చెప్తా అమ్మా, మంచి పార్ట్‌లో ఉన్నా.”

రచయిత్రి మీద అసూయ అప్పుడే పోయింది. వాళ్లమ్మ మీద మాత్రం ఇప్పటికీ పోలేదు.