చేటలో వాన

డెబ్బైల్లో అమలాపురంలో మేం వేసిన నాటకానికి ఉరుము నాది, వాన నాతోపాటు మాస్టారి దగ్గర నాటకాల చప్పుళ్లు నేర్చుకుంటున్న అమ్మాయిది. ఉరుము కోసం పెద్ద రేకు ఊపి ఊపి నా అరచేతులు కాయలు కాచాయి. ఆమె చేటలో గుప్పెడు పెసలు పోసి అటూ ఇటూ వంచేది, అంతే. మాస్టారు మాత్రం కళ్లు మూసుకుని ఆ వాననే వినేవారు. నాకు ఒళ్లు మండిపోయేది.

ఓ మధ్యాహ్నం కిటికీలు మూసి రిహార్సల్ చేస్తుంటే చూడ్డానికి మా అమ్మ వచ్చింది. నేను బలమంతా పెట్టి రేకు ఊపాను. అమ్మ విసనకర్రతో విసురుకుంటూ కూర్చుంది. తర్వాత ఆ చేట కదిలింది.

అమ్మ గభాలున లేచింది. "పెరట్లో కొబ్బరి ఆరబోసేనండీ, తడిసిపోద్ది" అని మాస్టారితో చెప్పి ఇంటికి పరిగెత్తింది.

మూడు రోజులు అమ్మతో మాట్లాడలేదు.